మాత్ర ఉమ్మేసే పిల్లికి మందు ఎలా వేయాలి

డాక్టరు ఏడు మాత్రలు రాసిచ్చినాడు, రోజుకొకటి. ఏడు రోజులూ నా చేత్తోనే వేసినా. నోరు మూసినా, గొంతు నిమిరినా, "మా బుడ్డోడు బంగారం, కిక్కురుమనకుండా మింగుతాడు" అని వీధంతా చెప్పుకున్నా. పదో రోజు ఉగాదికి ఇల్లు దులుపుతా బియ్యం డ్రమ్ము జరిపితే, దాని వెనక గోడవారగా నాలుగు మాత్రలు పడున్నాయి. పైపూత కరిగిపోయి, తెల్లగా గరుకు తేలి ఉన్నాయి. ఒకదానికి నల్ల వెంట్రుక కూడా అతుక్కొని ఉంది. నేను చేతులు కడుక్కోవడానికి పోగానే వాడు వంటింట్లోకి పోయి, డ్రమ్ము వెనక ఉమ్మేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి గడప మీద కూర్చునేవాడన్నమాట. మెడ మీది పుండు ఆరినట్టే ఆరి మళ్ళీ ఎందుకు చీము పట్టిందో అప్పుడు తెలిసొచ్చింది.

ఆ తర్వాత ఈ మూడేండ్లలో వాడికి మాత్రలు, సిరప్పులు, కంటి చుక్కలు, చెవి చుక్కలు, నట్టల మందు అన్నీ వేసినా. మిద్దెల మీద తిరిగే మగపిల్లి. వాడికి కొట్లాటలు తప్పవు, నాకు మందులు తప్పవు. ఇప్పుడు కడపలో మా వీధివాళ్ళు వాళ్ళ పిల్లులకు మందు వేయాలన్నా నన్నే పిలుస్తారు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

పిల్లి దగ్గర బలం పనిచేయదు. నాలుగు కిలోల జీవాన్ని ఇద్దరు మగవాళ్ళు పట్టుకొని ఓడిపోవడం కండ్లారా చూసినా. గట్టిగా పట్టేకొద్దీ ఇంకా గింజుకుంటుంది. పట్టుకున్న అర నిమిషంలో పని అయిపోవాలి. అట్లా అయిపోవాలంటే, పట్టుకోకముందే చేయాల్సింది చానా ఉంది.

డాక్టరు దగ్గరే అడగండి

మందు చీటీ చేతికి రాగానే లేచి రావద్దు. ఇదే మందు సిరప్పుగా దొరుకుతుందా? మాత్రను విరిచి ఇవ్వొచ్చా, పొడి చేయొచ్చా? తిండితో ఇవ్వాలా, ఖాళీ కడుపునా? ఒక పూట తప్పితే ఏం చేయాలి? ఇవి అడగండి. ఇంకొకటి మనం మొహమాటపడి అడగం: "నాకు ఇంట్లో వేయడం చేతకాదు సార్, ఇంజెక్షనుతో అయ్యే దారి ఏమన్నా ఉందా?" కొన్ని జబ్బులకు ఉంటుంది. ఉంటే మీరు బతికిపోయినట్టే.

పొడి చేయొచ్చా అని ఎందుకు అడగమంటున్నానంటే, కొన్ని మాత్రలకు పైపూత ఊరికే ఉండదు. కడుపులోని ఆమ్లానికి మందు పాడుకాకుండా కొన్నిటికి, మెల్లగా కరగడానికి కొన్నిటికి పూత వేస్తారు. నలిపితే ఆ పని చెడుతుంది. పైగా లోపలి చేదంతా బయటపడుతుంది. ఒకసారి చేదు తగిలిందంటే పిల్లి ఆ గిన్నెనే కాదు, ఆ గిన్నె పెట్టిన మూలను కూడా నమ్మదు.

బరువు సరిగ్గా చెప్పండి. పిల్లి మందులన్నీ కిలోల లెక్కనే. ఒక కిలో తేడా మనకు లెక్కలోది కాదు, దానికి ఒంట్లో నాలుగో వంతు. ఇంట్లో మనుషులు తూగే మిషను ఉంటే, పిల్లిని ఎత్తుకొని ఒకసారి, ఒంటరిగా ఒకసారి ఎక్కి తీసేయండి. నేనైతే మూత ఉన్న ప్లాస్టిక్ బుట్టలో పెట్టుకొని సందు చివరి కిరాణా కొట్టుకు పోతా. బుట్టతో సహా తూచి, తర్వాత బుట్ట ఒక్కటే తూచాలి. కొట్టాయన చక్కెర పొట్లం పక్కన పెట్టి, "మూడు కిలోల ఎనిమిదొందలు. ప్యాక్ చేయాల్నా?" అంటాడు ప్రతిసారీ.

మన జిల్లాలో పశువుల ఆసుపత్రి అంటే ఎనుములు, ఆవులు, గొర్రెలు, మేకలు. బుట్టలో పిల్లితో కూర్చుంటే పక్కన గొర్రెలు తెచ్చినాయన మనల్ని ఒక మాదిరిగా చూస్తాడు. చూడనీండి. ప్రొద్దుటూరు వైపు ఉండేవాళ్ళకు అక్కడ పశువైద్య కళాశాల ఉంది. పశువుల అంబులెన్సుకు 1962 నంబరు ఉంది. మెడికల్ షాపులో మాత్రం పిల్లికి సలహా అడగొద్దు. ఒకచోట నాకు "చిన్నపిల్లల జ్వరం సిరప్పు రెండు చుక్కలు వేయండి, ఏం కాదు" అని చెప్పినారు. అది ఎంత పొరపాటో చెప్తా.

మన బిళ్ళలు వేయొద్దు

బుడ్డోడికి ఒకసారి ఒళ్ళు వేడిగా ఉంది, మూలన ముడుచుకొని పడుకున్నాడు. మా జేజి చూసి, "నీకు జ్వరమొస్తే ఏసుకుంటావే, ఆ బిళ్ళ సగం ఇరిచి ఏయ్ రా, పాపం మూగజీవం" అనింది. ఆమెది మంచి మనసే. కానీ ఆ సగం బిళ్ళ పిల్లిని చంపగలదు.

జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్‌ను మన కాలేయం ఒక పదార్థంతో జతచేసి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి చానా తక్కువ. మందు విషంగా మారి రక్తాన్ని పట్టుకుంటుంది. రక్తం ప్రాణవాయువును మోయలేక గోధుమరంగుకు తిరుగుతుంది. చిగుళ్ళు నీలంగానో మట్టిరంగులోనో కనబడతాయి, మూతి, పాదాలు వాస్తాయి, ఎగశ్వాస వస్తుంది. ఎవరైనా తెలియక వేసి ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. విరుగుడు ఉంది. అది గంటల్లో పడితేనే ఫలం. నొప్పులకు వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కూడా డాక్టరు చెప్పకుండా తాకొద్దు.

ఇంకో సంగతి. పిల్లి ఒంటి వేడి మామూలుగానే 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. చేయి పెట్టి చూసి జ్వరమని తీర్మానించుకుంటే, జ్వరం లేని పిల్లికి విషం వేసినట్టవుతుంది.

కుక్కలకు పిడుదులు, గోమార్లు పోవడానికి మెడ మీద వేసే మందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్కకు మంచిదే, పిల్లికి మాత్రం వణుకు, మూర్ఛలు తెస్తుంది. "చిన్న కుక్కపిల్ల డోసు వేస్తే సరిపోదా" అనుకోవద్దు. గాయం మీద యాంటిసెప్టిక్ నీళ్ళు పూయడం, బండలు తుడిచే ఫినాయిల్ ఆరకముందే పిల్లిని తిరగనివ్వడం కూడా వద్దు. అది ఒళ్ళంతా నాక్కుంటుంది, పైన పూసిందంతా కడుపులోకే పోతుంది.

ముందు తిండితో ప్రయత్నం

పట్టుకొని వేసేది చివరి దారి. తిండిలో దాచొచ్చని డాక్టరు ఒప్పుకుంటే మొదట అదే చేయండి.

బెల్లం, అరటిపండు, తేనె ఇవేవీ పనికిరావు. పిల్లి నాలుకకు తీపి తెలియదు. మన పిల్లలకు చేసినట్టు తీపిలో దాచి పెడితే దానికి మిగిలేది చేదొక్కటే. దానికి కావాల్సింది మాంసం వాసన. ఉడకబెట్టిన కోడి కార్జం అన్నిటికన్నా మేలు. ఉప్పు, కారం, ఉల్లి, తెల్లగడ్డ ఏమీ వేయకుండా ఉత్త నీళ్ళలో ఉడకబెట్టండి. ఉల్లి, తెల్లగడ్డ పిల్లి రక్తకణాలను పగలగొడతాయి, కాబట్టి ఆదివారం కూరలోంచి ముక్క తీసి కడిగి పెట్టడం వద్దు. కార్జం మెత్తగా చిదిమి, గోలీ అంత ఉండలు మూడు చేయండి. చేసేటప్పుడు మాత్ర పట్టుకున్న చేతివేళ్ళు వేరే, ఉండ చుట్టే వేళ్ళు వేరే ఉండాలి. మీకు తెలియకుండా వేలికంటిన పొడి వాసన దానికి తెలుస్తుంది.

ఒక పూట తిండి ఆలస్యం చేసి, ఆకలి మీదున్నప్పుడు పెట్టండి. మొదటి ఉండ ఉత్తది. తిన్నాక రెండోది, మాత్ర ఉన్నది. అది నోట్లో పడీ పడకముందే మూడోది మూతి ముందు చూపించండి. మూడోదాని కోసం రెండోది గబుక్కున మింగేస్తుంది. మూడోది చూపించడంలో ఒక్క క్షణం ఆలస్యమైనా నమలడం మొదలుపెడుతుంది. నమిలితే కథ కంచికే. ఉండలు గోరువెచ్చగా ఉండాలి, చల్లారితే వాసన తగ్గుతుంది.

రోజూ తినే గిన్నెలో అన్నం మొత్తానికీ మందు కలపొద్దు. సగం తిని పోతే సగం మందే పోయినట్టు. వాసన పట్టిందంటే తిండే మానేస్తుంది. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకుండా ఉంటే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తుంది. లావుగా ఉండే పిల్లులకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

పాలసంగతి. జేజి మాట మీద ఒకసారి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర పాలల్లో కలిపినా. పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగుతుందని సామెత. వీడు కండ్లు తెరుచుకొని గిన్నె చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, ముందరి కాలితో బండను గీకి, కక్కసు మీద మట్టి కప్పినట్టు కప్పి పోయినాడు. తాగకపోవడమే మంచిదైంది. పాలలోని కాల్షియం ఆ మందును పట్టుకొని ఒంటికి పట్టనివ్వదట, డాక్టరు తిట్టినాడు. ఆ మందుకు పెరుగు కూడా వద్దు.

చోటు, గుడ్డ, మనుషులు

తిండితో కాలేదనుకోండి. అప్పుడు పట్టుకోక తప్పదు.

ముందు తలుపులు వేయండి. చిన్న గది మేలు. మంచం, బీరువా ఉన్న గది వద్దు, కిందికి దూరిందంటే చీపురుకట్టతో అరగంట. మాది స్నానాలగది బయట బట్టలుతికే బండ. నడుమెత్తు ఉంటుంది, వంగే పని లేదు. నున్నటి బండ మీద పిల్లి కాళ్ళు జారితే బెదురుతుంది, అందుకని కింద గోనెసంచి పరుస్తా.

పిల్లిని తేకముందే అన్నీ చేతికందేటట్టు పెట్టుకోండి. మాత్ర పట్టీలోంచి తీసి, కావాలంటే విరిచి, కొంచెం వెన్నో నెయ్యో పూసి ఉంచాలి. సూది తీసేసిన 5 మిల్లీలీటర్ల సిరంజీలో నీళ్ళు ఉండాలి. తర్వాత పెట్టే కార్జం ముక్క ఉండాలి. పిల్లి కండ్లముందు మాత్రపట్టీ చిటపటమని విప్పొద్దు. ఆ చప్పుడు దానికి రెండో రోజుకే తెలిసిపోతుంది. మా వాడు నా భార్య జలుబుమాత్ర విప్పినా మిద్దెక్కుతాడు.

గోళ్ళు ముందురోజే, నిద్రమత్తులో ఉన్నప్పుడు, కొసలు కొంచెం కత్తిరించి పెట్టుకుంటే మంచిది. లోపల గులాబీరంగు కనబడేదాకా పోవద్దు, అక్కడ రక్తముంటుంది.

చుట్టడానికి పాత నూలు తువ్వాలు చాలు. మందపాటి దుప్పటి వద్దు, మన ఎండాకాలం ఎండలు నలభై దాటుతాయి, చుట్టి పెడితే ఉడికిపోతుంది. వేసవిలో అయితే తెల్లవారుజామునో, పొద్దుగూకినాకనో ఈ పని పెట్టుకోండి. తువ్వాలు పరిచి, పిల్లిని నడుమ కూర్చోబెట్టి, మెడ కింద నుంచి ఒక కొస తెచ్చి ముందుకాళ్ళు లోపల పడేటట్టు ఒంటి మీదుగా లాగండి. రెండో కొస అటువైపు నుంచి అట్లాగే. వెనక మిగిలింది కాళ్ళ కిందికి మడవండి. తల ఒక్కటే బయట ఉండాలి. చంటిబిడ్డను ఎత్తుగుడ్డలో చుట్టినట్టే. మెడ దగ్గర మీ రెండు వేళ్ళు దూరేంత వదులు ఉండాలి. నోరు తెరిచి కుక్కలా ఎగపోస్తే వెంటనే వదిలేయండి. పిల్లి నోటితో ఊపిరి తీయడం మంచి గుర్తు కాదు.

మెడ వెనక చర్మం పట్టి పైకెత్తడం వద్దు. తల్లి పిల్లలను అట్లా ఎత్తుతుంది నిజమే, పెద్ద పిల్లి బరువుకు అది నొప్పి, భయం. ఇంకో మనిషి ఉంటే ఒళ్ళో పెట్టుకొని భుజాల దగ్గర ఊరికే చేతులు ఆనిస్తే చాలు. చుట్టూ చేరి "అయ్యో, పట్టుకో, పట్టుకో" అనే మనుషులను బయటికి పంపండి. మా ఇంట్లో జేజిని పంపడమే పెద్ద పని.

మాత్ర వేయడం

పిల్లి వీపు మీ కడుపుకు ఆనేటట్టు, మూతి అవతలికి ఉండేటట్టు కూర్చోబెట్టుకోండి. ఎదురుగా నిలబడి వేయబోతే వెనక్కి జరుగుతుంది. వెనక మీరే ఉంటే ఎక్కడికి జరుగుతుంది?

కుడిచేతి వాటం వాళ్ళకు చెప్తున్నా. ఎడమచేతిని తల మీదుగా పెట్టి, బొటనవేలు ఒక వైపు, నడిమి వేలు ఒక వైపు, కోరపండ్ల వెనక చెంప ఎముక దగ్గర ఆనించండి. మీసాలు నలగకూడదు, చెవులు మూయకూడదు. మెల్లగా తలను పైకి తిప్పండి, ముక్కు మిద్దె వైపు చూడాలి. అట్లా చూడగానే కింది దవడ దానంతటదే కొంచెం వదులవుతుంది. ఈ ఒక్క సంగతి నాకు మొదటే ఎవరన్నా చెప్పుంటే నా చేతుల మీది గీతలు సగం ఉండేవి కావు. నోరు బలవంతంగా తెరిచే పనే లేదు.

కుడిచేతి బొటనవేలు, చూపుడువేళ్ళ మధ్య మాత్ర ఉంటుంది. నడిమి వేలి కొసను ముందరి చిన్న పండ్ల మీద పెట్టి కిందికి అదమండి. కోరపండ్ల మీద కాదు, వాటి మధ్యలో బియ్యపు నూకల్లా ఉండే పండ్ల మీద. నోరు తెరుచుకుంటుంది. లోపల నాలుక వెనక భాగం చిన్న దిబ్బలా లేచి ఉంటుంది. మాత్ర ఆ దిబ్బ అవతల, నడిమధ్యన పడాలి. ముందర పడితే నాలుకతో తోసేస్తుంది, పక్కన పడితే చెంపలో దాచుకుంటుంది. బుడ్డోడి నాలుగు మాత్రలూ అట్లా చెంపలోంచి పోయినవే. వేలితో లోపలికి పొడవొద్దు, జారవిడవండి. నెయ్యి పూసినందుకు జారుతుంది.

పడగానే నోరు మూసి, తలను మామూలుగా కిందికి తెచ్చేయండి. పైకే పట్టి ఉంచితే మింగడం దానికి కష్టం. గొంతు కింద పైనుంచి కిందికి వేలితో నిమరండి, లేదంటే ముక్కు మీద మెల్లగా ఊదండి. మూతి నాకుకుంటే మింగినట్టు. నాకకపోతే నమ్మొద్దు.

ఇంతటితో అయిపోలేదు. మాత్ర తర్వాత సిరంజీతో 5, 6 మిల్లీలీటర్ల నీళ్ళు చెంప పక్క నుంచి కొంచెం కొంచెంగా తాగించండి, లేదా వెంటనే తడి తిండి తినిపించండి. ఉత్త మాత్ర మింగిస్తే పిల్లి అన్నవాహికలో అది ఇరుక్కొని అక్కడే కరుగుతుంది. డాక్సీసైక్లిన్, క్లిండామైసిన్ లాంటివి కరిగినచోట పుండు పడుతుంది, పుండు మాని గొంతు ఇరుకవుతుంది, తర్వాత తిన్నదంతా కక్కుతుంది. మాత్ర వేయడం వచ్చినవాళ్ళు కూడా ఈ నీళ్ళు మరిచిపోతారు. నేనూ మొదట్లో వేయలేదు.

అయిపోగానే విప్పి, కార్జం ముక్క పెట్టి వదిలేయండి. వెంటబడి ముద్దు చేయొద్దు, దానికి కోపం తీరాక అదే వస్తుంది.

సిరప్పు అయితే

సిరప్పుకు పద్ధతి తిరగబడుతుంది. తల పైకెత్తొద్దు. ఎత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. తల ఉన్నట్టే ఉంచి, కోరపండు వెనక చెంపకూ పండ్లకూ మధ్య ఉన్న సందులో సిరంజీ కొస పెట్టండి. నోరు తెరవాల్సిన పని కూడా లేదు. అర మిల్లీలీటరు వదిలి, మింగనిచ్చి, మళ్ళీ అర మిల్లీలీటరు. దగ్గు వస్తే ఆపేయాలి. 1 మిల్లీలీటరు సిరంజీ కొలతకు, చేతికి రెండింటికీ బాగుంటుంది. ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది. సూది అక్కడే తీసి వదిలేసి రండి.

పొడికి నీళ్ళు కలుపుకునే సిరప్పులు కొన్ని కలిపినాక ఫ్రిజ్‌లో పెట్టాలి, సీసా మీద రాసి ఉన్నన్ని రోజులే పనికొస్తాయి. ఫ్రిజ్ లోంచి తీసి అట్లే పోయొద్దు, సిరంజీలోకి తీసుకొని గుప్పిట్లో రెండు నిమిషాలు పట్టుకుంటే చలి విరుగుతుంది. సీసా బాగా కుదపండి, మందంతా అడుగునే ఉంటుంది.

చేదు మందుకు, ముఖ్యంగా మెట్రోనిడజోల్‌కు, పిల్లి నోట్లోంచి సబ్బునురగలా నురగ వస్తుంది, చొంగ కారుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు విషం పడిందని ఏడుస్తారు. అది చేదుకు వచ్చే నురగ. నీళ్ళు ముందర పెడితే రెండు మూడు నిమిషాల్లో తగ్గుతుంది. తగ్గకుండా ఒళ్ళు తూలుతున్నా, ఊపిరికి ఇబ్బంది పడుతున్నా అది వేరే సంగతి, డాక్టరుకు ఫోన్ చేయండి.

కండ్లు, చెవులు, మెడ

కంటి చుక్కలు వెనక నుంచే వేయాలి. సీసా ఎదురుగా వస్తే ఏ జీవమైనా కన్ను మూస్తుంది. గడ్డం కింద ఒక చేయి ఆనించి, పైరెప్పను కొంచెం లాగి, పైనుంచి చుక్క వదలండి. సీసా మూతి కంటికి తగలకూడదు. ఆయింట్‌మెంటు అయితే కిందిరెప్ప లోపల బియ్యపుగింజంత గీత చాలు.

చెవి చుక్కల సీసాను ముందు అరచేతిలో వెచ్చబెట్టండి. వేసి, చెవి మొదట్లో నొక్కి రుద్దితే లోపల పిచపిచ శబ్దం వస్తుంది. తర్వాత తల విదిలిస్తుంది, మీ చొక్కా పోతుంది. ఇయర్ బడ్ లోపలికి పెట్టొద్దు.

గోమార్లకు మెడ మీద వేసే మందు పిల్లులకని రాసి ఉన్నదే తీసుకోండి. వెంట్రుకలు పాయ తీసి, తలకు ఆనుకొని ఉన్న మెడభాగంలో చర్మం మీద వేయాలి. భుజాల మధ్య వేస్తే కొన్ని పిల్లులు మెడ తిప్పి నాకేస్తాయి.

కాకపోతే

ఒక పూటకు మూడుసార్లు ప్రయత్నించండి. మూడోదీ తప్పితే వదిలేయండి. గంట తర్వాత, ఇంకో గదిలో, వీలైతే ఇంకో మనిషి చేయాలి. పట్టుదలకు పోయి పది నిమిషాలు గుంజులాడితే ఆ పూట గెలిచినా రేపటి నుంచి మీ చెప్పుల చప్పుడుకే పారిపోతుంది. మింగిన కాసేపటికి కక్కితే మళ్ళీ వేయొద్దు, డాక్టరును అడగండి. తప్పిన పూటకు కలిపి రెండు మాత్రలు వేయడమూ వద్దు. పుండు ఆరిందని యాంటీబయాటిక్ మధ్యలో మానొద్దు, రాసినన్ని రోజులూ వేయాల్సిందే.

కరిచినా, గోరు గీసి రక్తం వచ్చినా చిన్నదని తీసేయకండి. వెంటనే సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి పోండి. రేబిస్ పిల్లి నుంచి కూడా వస్తుంది. కడప రిమ్స్‌లో గానీ, మిగతా ప్రభుత్వ ఆసుపత్రుల్లో గానీ చర్మంలోకి వేసే సూదులు మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. మీ పిల్లికి ఏటా టీకా వేయించి ఉంటే ఆ కార్డు కూడా తీసుకుపోండి. పిల్లి పండ్లు సూదుల్లా ఉంటాయి. పైకి చుక్కే కనబడుతుంది, లోపల చీము పడుతుంది. చేతికి వాపు, ఎరుపు పాకితే మళ్ళీ చూపించుకోండి. నా ఎడమ బొటనవేలు రెండువారాలు వంగలేదు.

మందు వేసి వదిలినాక ఐదు నిమిషాలు పిల్లి ఎక్కడికి పోతుందో చూస్తా ఉండండి. మీ చేతుల జిడ్డు తర్వాత కడుక్కోవచ్చు. మూల దగ్గర ఆగి, తల వంచి, దవడ ఒకవైపుకు ఆడించిందంటే పోయి చూడండి. కోర్సు అయిపోయేదాకా వారానికి రెండుసార్లు టార్చిలైటు తీసుకొని బియ్యం డ్రమ్ము వెనక, ఫ్రిజ్ కింద, చెప్పుల స్టాండు సందులో వేసి చూడండి. మా ఇంట్లో మొన్న కూడా ఒకటి దొరికింది. అది బుడ్డోడిది కాదు, జేజి బీపీ మాత్ర.